అతుకు తట్టుకున్నంత

“ఈ ఏరియల్ ఎన్ని వాట్లు తట్టుకుంటది మామా?” అని అడిగినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంజనీరింగ్ రెండో ఏడు సెలవులకి సూర్యాపేట వచ్చాను. మా మేనమామ ఇంటి డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కన పాతిన ఇనప పైపుకి ఒక నిలువు యాంటెన్నా బిగిస్తున్నాం. కింద ఆయన రేడియో, టీవీ రిపేరు షాపు. పైన ఆయన సొంత లోకం. ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హ్యామ్ ఆయన. సెట్టు ఇచ్చేది 25 వాట్లు. యాంటెన్నా అట్టపెట్టె మీద 200 వాట్లు అని అచ్చేసి ఉంది. మరి మిగిలిన 175 వాట్లు ఎందుకు వృథా పోనివ్వాలి అన్నది నా బాధ.

ఆయన స్పానర్ నోట్లోంచి తీసి అన్నాడు: “డబ్బా మీద రాసింది డబ్బాకు తెల్సు. అతుకు చూసినవా నువ్వు?”

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. ఎక్కడానికి ఒక సెట్టు కాలిపోవాల్సి వచ్చింది, ఒక వరద రావాల్సి వచ్చింది. ఈ రెంటి మధ్యా నేను చదువుకున్న చరిత్ర కొంత ఉంది. ఆ చరిత్ర కోసమే ఈ వ్యాసం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మూడు ఊళ్ళ ముక్కోణం మీదుగా దాదాపు తొంభై ఏళ్ళుగా ఎవరెవరి వాట్లు ప్రయాణం చేశాయి, వాటిలో మనవి ఎన్ని అన్నది నా ప్రశ్న.

*

మొదట్లో అంకెలు చాలా చిన్నవి. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ మొదలైనప్పుడు వాళ్ళ ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు. ఇవాళ మన పడగ్గదిలో వెలిగే పాతకాలపు బల్బు పాటిది. తర్వాత దాన్ని 200 వాట్లు చేశారు. డబ్బుల్లేక 1927లో క్లబ్ మూతపడితే ఆ సామాను మద్రాసు కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషన్ వారే ప్రసారాలు నడిపారు.

హైదరాబాదులోనూ కథ అలాగే ఒక మనిషి సరదాతో మొదలైంది. 1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే ఆయన ఆబిడ్స్ దగ్గర చిరాగలీ లేన్‌లో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టి నడిపిన స్టేషన్ని 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం తీసేసుకుంది. జనం నోట అది దక్కన్ రేడియో. తర్వాత కొద్ది ఏళ్ళకి సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల కొత్త ట్రాన్స్‌మిటర్ వచ్చింది. ప్రసారం 411 మీటర్ల మీద. అంటే 730 కిలోహెర్ట్జ్. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వినిపించేవి.

200 వాట్ల నుంచి 5 కిలోవాట్లంటే ఇరవై ఐదు రెట్లు. మరి ఇరవై ఐదు రెట్లు గట్టిగా వినపడిందా? లేదు. యాంటెన్నా నుంచి ఒక దూరంలో ఉండే తరంగం బలం శక్తికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. వాట్లు ఇరవై ఐదు రెట్లు పెంచితే బలం ఐదు రెట్లు. రెట్టింపు బలం కావాలంటే నాలుగు రెట్లు వాట్లు పొయ్యాలి. ఇది తెలిశాక నాకు చరిత్ర పుస్తకాల్లో “శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్” అనే మాట కనిపించినప్పుడల్లా కొంచెం నవ్వొస్తుంది. ఖర్చు పెట్టినవాడి లెక్క వేరు, విన్నవాడి లెక్క వేరు.

ఆ విన్నవాళ్ళలో మన ఊళ్ళవాళ్ళు ఎలాంటి చోట ఉన్నారో చూడండి. కోదాడ నిజాం రాజ్యంలోది. దాని పక్కనే ఉన్న మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ళది, కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నిజాం నేల, మధ్యలో ద్వీపంలా మునగాల, నడిగూడెం. ఆ నడిగూడెం సంస్థానంలోనే కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. పరగణాలో రేడియో పెట్టుకుంటే బ్రిటిష్ ఇండియా చట్టం. 1933లో వచ్చిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వినే పెట్టెకి కూడా లైసెన్సు ఉండాలి. పొలం గట్టు దాటితే నిజాం సర్కారు చట్టం. నేల మీద రెండు ప్రభుత్వాలు, రెండు నాణేలు. సరూర్‌నగర్ నుంచి వచ్చే తరంగానికి మాత్రం ఆ గట్టు తెలీదు. అది మునగాలలోనూ పాడింది, కోదాడలోనూ పాడింది.

పాడింది అంటున్నాను గానీ, వినడానికి ఎందరి దగ్గర పెట్టె ఉంది? మా అమ్మమ్మది కోదాడ. ఆమె చిన్నప్పుడు రేడియో ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవట. “రేడియో అంటే దొరల ఇంట్ల మనిషి లేకుండ వచ్చే గొంతు” అనేది. మిగతా ఊరికి వార్త నడిచే వచ్చేది. సాయుధ పోరాటం రోజుల్లో కూడా ఇక్కడి కమ్యూనిస్టులకి మైకు లేదు, మాస్టు లేదు. గొల్ల సుద్దులు, బుర్రకథ, చీకట్లో నడిచే కొరియరు. సుద్దాల హనుమంతు గొంతుకి ట్రాన్స్‌మిటర్ అవసరం పడలేదు. ఊరు మారిన కొద్దీ ఇంకొకరు అందుకున్నారు. ఒక గొంతు ఆగిపోతే పక్క గొంతు. అది వేరే రకం వ్యవస్థ. దాని అతుకులు మనుషులు.

*

1948 సెప్టెంబర్ 13 పొద్దున భారత సైన్యం నాలుగు వైపుల నుంచీ హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన దళం గురించే పుస్తకాల్లో ఎక్కువ రాస్తారు. తూర్పున విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర కింద వచ్చిన దళం ఆ పొద్దున్నే కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల. ఆ తర్వాత సూర్యాపేట. అక్కడ విమానాలతో దాడి చేశారు. వెనక్కి తగ్గుతున్న నిజాం సేనలు మూసీ మీది వంతెనని పేల్చేశాయి గానీ, దాన్ని కాపలా కాసి ఆపలేకపోయాయి. వంతెన బాగుచేసుకుని సైన్యం నార్కట్‌పల్లి వైపు సాగింది.

నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17న. రేడియోలో ఆయన గొంతే వినిపించింది. రాజ్యం చేజారిన సంగతి రాజు నోట రాజ్యమంతా ఒకేసారి విన్నదన్నది చరిత్రలో నిలిచిపోయిన దృశ్యం. కానీ కోదాడ వైపు నుంచి చూడండి. ఆ ఊరికి ఆ వార్త నాలుగు రోజుల ముందే రోడ్డు మీద లారీలెక్కి వచ్చేసింది. 5 కిలోవాట్లు చెప్పేలోపు కోదాడకి తెలుసు. దేశచరిత్ర మైకు ముందు జరిగినప్పుడు దారిలో ఉన్న ఊళ్ళు వార్త వినే చోట్లు కాదు, వార్త జరిగే చోట్లు. అయినా ఆ నాలుగు రోజుల్లో సూర్యాపేట నుంచి బయటికి మాట్లాడగలిగిన సివిలు మనిషి ఒక్కడు కూడా లేడు. గొంతు హైదరాబాదుకి ఉంది, విజయవాడకి రాబోతోంది. మధ్యలో ఉన్నవాళ్ళకి చెవులు మాత్రమే.

విజయవాడకి అదే ఏడాది డిసెంబర్ 1న ఆకాశవాణి కేంద్రం వచ్చింది. దక్కన్ రేడియోని 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి కలిపేసుకుంది. అప్పటినుంచి మా ముక్కోణం రెండు పెద్ద గొంతుల మధ్య ఇరుకున పడింది.

*

ఇప్పుడు అంకెలు పెద్దవి. హైదరాబాద్ ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్లు. విజయవాడ 837 మీద 100 కిలోవాట్లు. ఈ రెండు అంకెల్నీ తొమ్మిదితో భాగించి చూడండి, శేషం రాదు. 1975లో జెనీవాలో చాలా దేశాలు కూర్చుని మీడియం వేవ్ స్టేషన్ల మధ్య తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడం ఉండాలని ఒప్పుకున్న గుర్తు అది. మా ఇంటి రేడియో ముల్లు ఆగే చోటుని ఎక్కడో జెనీవాలో నిర్ణయించారన్న మాట.

మీడియం వేవ్‌లో యాంటెన్నాని స్తంభం మీద బిగించరు. ఆ స్తంభమే యాంటెన్నా. తరంగం పొడవు 406 మీటర్లయితే అందులో పావు వంతు, అంటే దాదాపు 102 మీటర్ల ఎత్తు ఉక్కు స్తంభం, నేలకి ఆనకుండా పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడుతుంది. ఆ మొత్తం బరువు మోసేది ఆ పింగాణీ. కింద భూమిలో రాగి తీగలు బండి చక్రం ఆకుల్లా నలువైపులా పాతి ఉంటాయి.

దాన్ని “ఎన్ని వాట్లు తట్టుకుంటది” అని అడిగామనుకోండి. 200 కిలోవాట్లని 50 ఓమ్‌ల లైన్లోకి పంపుతున్నామని లెక్కేస్తే సుమారు 63 ఆంపియర్ల కరెంటు, మూడు వేల వోల్టుల పైచిలుకు ఒత్తిడి. ఇది గాయకుడు నోరు విప్పకముందు సంగతి. ఆయన పైస్థాయి అందుకున్న క్షణంలో వోల్టేజి రెట్టింపవుతుంది, శక్తి నాలుగు రెట్లవుతుంది. 200 కిలోవాట్ల స్టేషన్ ఒక గమకం కొసన రెప్పపాటు 800 కిలోవాట్లు. శిఖరం దగ్గర తొమ్మిది వేల వోల్టుల దాకా ఒత్తిడి. కాబట్టి ఇంజనీరు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకుంటాడు. రోజంతా ప్రవహించే కరెంటుకి ఏ భాగం వేడెక్కి కరుగుతుంది? ఒక్క క్షణం పొంగే వోల్టేజికి ఎక్కడ గాలి చీలి నిప్పురవ్వ దూకుతుంది? మొదటిది సగటు శక్తి ప్రశ్న, రెండోది శిఖర శక్తి ప్రశ్న. అట్టపెట్టె మీద అచ్చేసే ఒకే ఒక్క అంకెలో ఈ రెండూ కలిసిపోతాయి.

వర్గమూలం లెక్క ఇక్కడా వదలదు. మహబూబ్ అలీ 200 వాట్ల నుంచి ఇప్పటి 200 కిలోవాట్లకి సరిగ్గా వెయ్యి రెట్లు. యాంటెన్నా ఒకటే అనుకుంటే వినేచోట బలం పెరిగింది ముప్పై రెండు రెట్లే. అయినా ఆ ముప్పై రెండు రెట్లు మా జీవితాల్ని మార్చాయి. కోదాడలో మా అమ్మమ్మ ఇంట్లో ముల్లు విజయవాడ మీద ఉండేది. ఉషశ్రీ గొంతులో రామాయణం, భారతం. సూర్యాపేటలో మా నాయనమ్మ ఇంట్లో హైదరాబాదు. పొద్దుగూకితే పొలం ముచ్చట్లు, చిన్నక్క, రాంబాబు. నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఇళ్ళలో రెండు తెలుగులు. మా అమ్మ పుట్టింట్లో “వచ్చాడు” అని, మెట్టినింట్లో “వచ్చిండు” అని అనేది. ఈ మార్పు రోడ్డు మీద ఎక్కడ జరిగేదో చెప్పలేను గానీ రేడియోలో మాత్రం 738కీ 837కీ మధ్య జరిగేది. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలు ఇంకో ముల్లు తిప్పేవాళ్ళు: రేడియో సిలోన్. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం కోసం కొలంబో దగ్గర ఏకలలో పెట్టిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం అయిపోయాక పాటలకి పనికొచ్చింది. మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసే వేళకి మిల్లులో కాటా ఆగేదని మామ చెప్పేవాడు. సముద్రం అవతలి యాంటెన్నా పైకి విసిరిన మాట ఆకాశంలో అయనావరణానికి తగిలి మిర్యాలగూడలో దిగేది.

ఇంత విన్నాం. సమాధానం చెప్పడానికి మాత్రం కార్డు ముక్క. శ్రోతల ఉత్తరాలు.

*

అందుకే అనుకుంటా, మా మామకి రిపేరు కంటే హ్యామ్ రేడియో అంటే ప్రాణం. సాధారణ మనిషి చట్టబద్ధంగా తన గొంతుని తరంగంగా మార్చగలిగిన దారి ఈ దేశంలో అదొక్కటే చాలాకాలం. మన నిబంధనల్లో కింది తరగతి లైసెన్సుకి 50 వాట్లు, పై తరగతికి 400 వాట్లు హద్దు. హైదరాబాద్‌లో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వచ్చాక జిల్లాల్లో కూడా ఈ పిచ్చి పట్టినవాళ్ళు కొందరు తేలారు. కోదాడలో ఒకాయన, మిర్యాలగూడలో ఒకాయన మా మామకి దోస్తులు. ఆదివారం పొద్దున్నే ముగ్గురూ కలిసేవాళ్ళు. 40 మీటర్ల బ్యాండ్ మీద, ఇరవై మీటర్ల రాగి తీగ రెండు కొబ్బరిచెట్లకి కట్టి. మాట పైకి వెళ్ళి ఆకాశానికి తగిలి నిటారుగా కిందికి దిగేది, మా ముక్కోణం అంతా గొడుగు పట్టినట్టు. వానలు, వడ్ల రేటు, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది. దేశభద్రతకి ఏ ముప్పూ లేని ముచ్చట్లు.

డాబా మీద మేం బిగించింది ఇంకోటి: వీహెచ్‌ఎఫ్ బేస్ స్టేషన్ యాంటెన్నా. బేస్ స్టేషన్ అంటే కదలని సెట్టు. పోలీసు స్టేషన్లో ఉండేది, జీపుల్లో తిరిగే సెట్లు మాట్లాడేది దాంతోనే. ఊళ్ళోకీ, హైవే మీద కార్లో సెట్టు పెట్టుకుని తిరిగే దోస్తులకీ అది. కోదాడ దాంట్లో అందేది కాదు. వాట్లు పెంచితే అందుతుందని నా నమ్మకం. ప్రశ్న అక్కణ్ణుంచే పుట్టింది.

మామ సుద్దముక్క తీసి ట్యాంకు గోడ మీద లెక్క చేశాడు. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు చూపులాగే పోతుంది, భూమి వంపు దగ్గర ఆగిపోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే కిలోమీటర్లలో దాని హద్దు. మన పైపు 12 మీటర్లు, అంటే 14 కిలోమీటర్లు. కోదాడలో కూడా అంతే ఉంటే 14. మొత్తం 28. కోదాడ ఉన్నది సుమారు 45 దూరంలో. “రెండు తావుల ముప్పై మీటర్ల స్తంభాలుంటే అందుతది. లేకుంటే నువ్వు వెయ్యి వాట్లు పెట్టినా చివ్వెంలల బర్రెలు బెదురుతయి గంతే.”

సరే, మరి ఆ 200 వాట్ల సంగతేంటి? ఆయన చెప్పిన పాఠం నాకింకా గుర్తుంది. 50 ఓమ్‌ల కేబుల్లోకి 50 వాట్లు పంపితే సరిగ్గా ఒక ఆంపియరు, 50 వోల్టులు. ఇంత మాత్రానికి ఏ అల్యూమినియం కడ్డీ కరగదు. కడ్డీ వేల వాట్లు మోస్తుంది. మోయలేనివి వేరే: యాంటెన్నా అడుగున ఉండే సన్న తీగ చుట్ట, చిన్న కెపాసిటర్, కనెక్టర్ లోపలి ప్లాస్టిక్కు, కేబుల్. సన్న కేబుల్ ముప్పై మీటర్లు వాడితే వీహెచ్‌ఎఫ్‌లో నాలుగింట మూడు వంతులు వేడిగా దారిలోనే పోతుంది. 50 వాట్లు పంపితే పైకి చేరేవి పన్నెండు, పదమూడు. ఇక యాంటెన్నా, కేబుల్ ఒకదానికొకటి పొసగకపోతే పంపినదాంట్లో కొంత వెనక్కి తిరుగుతుంది. మీటరు మీద మూడు చూపిస్తే పావు వంతు వెనక్కి వచ్చినట్టు. వచ్చింది సెట్టు మీద పడుతుంది. రాసిన అంకె మంచి అతుకులకి, ఎండిన గాలికి, కరెక్టుగా సరిపోయిన కొలతకి రాసింది. వానకీ తుప్పుకీ ఎవరూ అంకె రాయరు.

“కాలువ లెక్కనే రా. సాగర్ ఎడమ కాలువ పదకొండు వేల క్యూసెక్కులు మోస్తదని రాస్తరు. గండి పడ్డనాడు ఆ లెక్క ఎవడు చూస్తడు? కట్ట ఏడ సన్నగుంటదో ఆడ తెగుతది.”

మిర్యాలగూడ చుట్టుపక్కల పుట్టిన ఎవరికైనా ఈ పోలిక విప్పి చెప్పక్కర్లేదు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాకే ఆ ఊరికి ఇన్ని రైసు మిల్లులు. అక్కడ బతుకంతా కట్ట మీద నమ్మకం.

ఆ రోజు కనెక్టర్‌కి టంకం వేసింది నేను. గాలి తోలుతోంది, డాబా మీద, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో. వేడి సరిగ్గా పట్టలేదు. పైకి గట్టిగానే కనిపించింది. దాని చుట్టూ టేపు వేయమన్నాడు మామ. ఒక్క వరస చుట్టి సరిపోతుందనుకున్నాను. సెలవులయ్యాక హాస్టల్‌కి వెళ్ళిపోయాను. ఆగస్టులో వానలు పడ్డాయి. నీళ్ళు కనెక్టర్లోంచి కేబుల్లోకి దిగాయి. నేను దసరాకి వచ్చి, మీటరు చూడకుండా మైకు నొక్కి అయిదు నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. సెట్టు వెనక నుంచి కాలిన వాసన. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయింది. 200 వాట్ల యాంటెన్నా 25 వాట్లకి ఓడిపోయింది.

మామ తిట్టలేదు. కనెక్టర్ విప్పాడు. అది అతనికి చేతిలోనే ఊడి వచ్చింది. పచ్చగా చిలుం పట్టిన రాగి. “ఏరియల్ చావలే. అతుకు చచ్చింది” అన్నాడు. ఆ ట్రాన్సిస్టర్ దొరకలేదు, కొత్త సెట్టుకి డబ్బు లేదు. రాగి తీగ మీది ఆదివారం ముచ్చట్లు ఇంకొన్నేళ్ళు నడిచాయి. హైవే మీది దోస్తులు మాత్రం సూర్యాపేట దాటుతూ పిలిచి, జవాబు రాక వెళ్ళిపోయేవాళ్ళు.

*

2004 డిసెంబర్‌లో ఢిల్లీ హ్యామ్ భారతీ ప్రసాద్ ఆ హైదరాబాద్ సంస్థ తరఫున అండమాన్‌కి వెళ్ళింది. అక్కడి నుంచి హ్యామ్ ప్రసారాలకి చాలా ఏళ్ళ తర్వాత దొరికిన అనుమతి అది. ప్రపంచమంతా ఆ ద్వీపాలతో ఒక్కసారి మాట్లాడి లాగ్ పుస్తకంలో రాసుకోవాలని ఎగబడుతోంది. 26 పొద్దున సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదా కోసం పోర్ట్ బ్లెయిర్ హోటల్ మీద కట్టిన ఆ యాంటెన్నాలే బతికున్నవాళ్ళ పేర్లు బయటికి చెప్పాయి. ఆ వార్త పేపర్లో చదివి మామ కత్తిరించి షాపులో అతికించాడు. నాతో ఏమీ అనలేదు. నేనే చదివి తల దించుకున్నాను.

ఇప్పుడు బేస్ స్టేషన్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది సెల్ టవరు. ఒక్కో క్యారియర్‌కి ఇరవై, నలభై వాట్లు. మామ సెట్టుకి అన్నదమ్ముడే. దాని యాంటెన్నా మాత్రం ఆ శక్తిని టార్చిలైటులా ఒక వైపుకి కూడగడుతుంది, ఆ వైపున యాభై రెట్లు ఎక్కువ ఉన్నట్టు కనపడుతుంది. అందుకే జనానికి భయం. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశం రేడియేషన్ హద్దుని అంతర్జాతీయ హద్దులో పదో వంతుకి దించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు. ఊళ్ళలో టవరు మీద గొడవైతే వాట్ల గురించే అవుతుంది. వాట్లు ఎక్కువయ్యాయా అని. బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, ఆ టవర్ని మిగతా లోకానికి కలిపే తీగ ఏ వాగు మీదుగా వస్తోంది అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన. మర్నాడు కోదాడ నీళ్ళలో ఉంది. నందిగామ దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చి హైదరాబాద్, విజయవాడల మధ్య బళ్ళు ఆగిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. నాన్న పోయాక అమ్మ కోదాడలో అమ్మమ్మ ఇంట్లోనే ఒక్కతే ఉంటోంది. పొద్దున ఏడింటికి ఫోను ఎత్తి “వాకిట్లోకి వచ్చాయిరా నీళ్ళు” అంది. తర్వాత మోగలేదు. హైదరాబాద్‌లో నా ఫోనులో నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. టీవీలో కోదాడ వీధులు కనిపిస్తున్నాయి, కార్లు కొట్టుకుపోవడం కనిపిస్తోంది. చూడగలను, పలకరించలేను. సాయంత్రం ఆరు దాటాక పక్కింటివాళ్ళ డాబా మీది నుంచి ఎవరిదో ఫోనుతో మాట్లాడింది. బాగానే ఉంది. ఆ పదకొండు గంటలు నేను మామ గోడ మీది సుద్ద లెక్క తల్చుకుంటూ కూర్చున్నాను. రెండు కొబ్బరిచెట్లు, ఇరవై మీటర్ల తీగ, ఒక కారు బ్యాటరీ.

మామ అప్పటికి లేడు. కోదాడ దోస్తూ లేడు.

అన్నిసార్లూ మన దగ్గరికి వచ్చింది ఎవరో మోసుకొచ్చిన శక్తే. నిజాంది ఐదు కిలోవాట్లు, ఢిల్లీది రెండు వందలు, కొలంబోది వంద, ఇప్పుడు చేతిలో ఉన్న ఈ పెట్టె. వాటి మీద నాకు చిన్నచూపు లేదు. ఉషశ్రీ గొంతు లేని నా బాల్యాన్ని ఊహించుకోలేను. కానీ పెద్ద స్తంభాల లెక్క ఎప్పుడూ ఎంతమంది వింటారన్నదే. మధ్యలో ఉన్న ఊరు తన సంగతి తను చెప్పుకోవాల్సిన రోజు ఆ లెక్క పనికిరాదు. దానికి ఊళ్ళోనే ఒక సెట్టు కావాలి. దానికి వాన తట్టుకునే అతుకు కావాలి. ప్రతి ఏడూ విప్పి చూసే మనిషి కావాలి. మూడోదే కష్టం.

నీళ్ళు తగ్గాక సూర్యాపేట వెళ్ళాను. షాపు ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్మేవాళ్ళకి అద్దెకిచ్చారు. డాబా మీద పైపు ఉంది. యాంటెన్నా ఉంది, కొంచెం ఒరిగి. కడ్డీకి ఏమీ కాలేదు. కేబుల్ కొసన పాత టేపు పొడై రాలింది. అత్తమ్మ అటక మీంచి ఆ కాలిన సెట్టుతో పాటు ఒక రేకు డబ్బా తెచ్చిచ్చింది. అందులో మామ దాచిన కనెక్టర్లు, వాటి మధ్య నేను పాడుచేసిన ఆ ఒక్కటి కూడా.

లైసెన్సు పరీక్షకి చదువుతున్నాను. పోయిన నెల అమ్మ ఇంటి డాబా మీద పైపు పాతించాను. పెద్ద ఐరన్ కొన్నాను. గాలి తగ్గేదాకా ఆగి, మామ డబ్బాలోని కొత్త కనెక్టర్‌కి టంకం వేశాను. చల్లారాక పట్టుకుని లాగాను. ఊడలేదు. అయినా కరిగించి మళ్ళీ ఇంకోసారి వేశాను.